ఆరో మొహం

ముప్పై ఒక్క ఏళ్లు ట్రియెస్తె రేవులో
పచ్చి కాఫీగింజల బస్తాలు వాసన చూసి
ఏది మేలో, ఏది ఓడలో తడిసిందో తేల్చిన ముక్కు ఇది.
దీన్ని పట్టుకుని
నిన్నగాక మొన్నొచ్చిన గాజుపలక అడుగుతుంది కదా:
"కాఫీ మీకు కొత్తా? పరిచయం చేయమంటారా?"

ఇదివరకు ఎంత సుఖం!
తలుపు తోసి, గొడుగింకా మూయకుండానే
"కాపో ఇన్ బీ" అనేదాన్ని.
అంటే బుల్లి గాజుగ్లాసులో
నెత్తిన నురగబొట్టు పెట్టుకున్న కాఫీ.
మా ఊరు దాటి ఆ మాటంటే
ఎవరైనా తెల్లమొహం వేస్తారు.
ఫుల్వియో తలైనా ఎత్తేవాడు కాదు.
నా దగ్గు విని నాది నాకు పోసేవాడు,
పోస్తూ మేయర్ని తిట్టేవాడు,
రెండూ కలిపి ఒకటే ధర.

ఇప్పుడు కొట్టు మనవడు ఎరిక్‌ది.
మంచి పిల్లాడే.
చెవుల్లో గుబిలి ముద్దల్లాంటివేవో పెట్టుకుని
"స్క్రీన్ మీద నొక్కండి, సిన్యోరా" అంటాడు.
నాకూ వాడికీ మధ్య మూరెడు దూరం.

సరే, నొక్కాను.
ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా?
కాఫీని ఎవరు తింటారురా?
పాలు ఆవువా, ఓట్సువా, బాదంవా, బఠాణీవా?
బఠాణీకి పొదుగెక్కడ ఏడ్చింది?
ఏమైనా మర్చిపోయారా?
అది గుర్తుంటే మర్చిపోవడమెందుకు నాయనా.
టిప్పు పది శాతమా, పదిహేనా, ఇరవయ్యా?
ఎవరికి?
నొక్కింది నేను, నిలబడింది నేను,
బల్లదాకా ఒలక్కుండా మోసేది నేను.
నా టిప్పు నాకిప్పించండి.

మరుగుదొడ్డి తలుపుకి అంకెల తాళం.
అంకెలు బిల్లు మీద. బిల్లు ఈమెయిల్లో.
ఈమెయిలు ఫోనులో.
ఫోను ఇంట్లో, ఛార్జింగులో.
నా వయసులో అది చాలా దూరప్రయాణం.

ఎవరో జాలిపడి తలుపు తీస్తే
లోపల కుళాయికి నా చేతులు కనబడవు.
పక్కావిడ చేతులకి గలగలా పారుతుంది,
నావి చూసి కళ్లు మూసుకుంటుంది.
ఈలోగా లైటు, నేనసలు లేనని తేల్చుకుని
ఆరిపోతుంది.
చీకట్లో, సబ్బు చేతులతో,
వాద్యగాళ్లు లేచిపోయిన కచేరీ నడిపిస్తున్నట్టు
గాల్లోకి ఊపుతూ నేను.

మంగళవారం బోరా లేచింది.
మా ఊరి గాలి అది, మర్యాద తెలియదు.
స్కూటర్లని వరసగా పడుకోబెడుతుంది,
విగ్గుల్ని సముద్రానికి పంపుతుంది.
ఆ పూట కరెంటు తీగ మీద చెయ్యేసింది.

గాజుపలక నల్లబడింది.
ఎరిక్ చెవుల్లోంచి ముద్దలు తీశాడు.
"ఏం కావాలి?"
అడిగాడు! నోటితో!

గ్యాసు పొయ్యి మీద తాతగారి సొట్టల మోకా ఎక్కించాడు.
ఫోర్కుతో పాలు గిలక్కొట్టాడు.
నురగ రాలేదు, చెమట వచ్చింది.
కాఫీ మాడింది, గ్లాసు కాలింది,
నా నాలుక రెంటికీ సాక్షి.

చెప్పాను. వదిలిపెడతానా?
గింజ ఏ గోదాములో ముక్కిందో,
మంట ఎక్కడ ఎక్కువైందో,
గ్లాసు ఎవరి లిప్‌స్టిక్కు తాలూకో.
నిలబడి మొత్తం విన్నాడు.
"తాతయ్యకీ ఇలాగే చెప్పేవారా?"
"ఇంతకంటే ఘోరంగా."
మేయర్ని తిట్టడం వచ్చా అని అడిగాను.
ప్రయత్నించాడు.
పస లేదు. గొంతు బాగుంది. నేర్చుకుంటాడు.

బుధవారం కరెంటొచ్చింది.
గాజుపలకా లేచింది, ఏమీ ఎరగనట్టు.
"మీ అనుభవం ఎలా ఉంది?" అని
ఐదు మొహాలు పరిచింది నా ముందు,
ఎర్రగా ఏడ్చేదాని దగ్గర్నుంచి
పచ్చగా ఇకిలించేదాని దాకా.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వెతికాను.
నాది లేదు అందులో:
ఒక కనుబొమ్మ ఎత్తి, పెదవి విరిచి,
రేపు కూడా సరిగ్గా ఎనిమిదింటికి
వచ్చి కూర్చునే మొహం.